మాటకు ముందు నీడ

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. టేపుల ఫ్యాక్టరీలో పూత మేస్త్రిగా పనిచేసే నాన్న, గొంతు పోయిన అమ్మ, మొన్ననే పెట్టెతో దిగిన అత్తయ్య, బడికి సెలవులివ్వడంతో ఇంటిపట్టున ఉన్న కూతురు రీలమ్మ. నానమ్మ పోయి ఒక వానాకాలం దాటింది. ఆవిడ మంచం ఇంకా నడవలోనే ఉంది గానీ దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు.

నలుగురిలో మాట్లాడేవాళ్లు ముగ్గురే. నిన్న మధ్యాహ్నం నాలుగో గొంతు వినిపించింది.

అప్పటి నుంచి అత్తయ్య ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. టేప్‌రికార్డర్ మీద పెద్ద గంగాళం బోర్లించి, దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అదేమన్నా కోడిపెట్టా అక్కా, గంప కింద మూయడానికి?" అన్నాడు నాన్న.

"కోడైతే కోసేదాన్ని," అంది అత్తయ్య.

ఆవిడ కూతురికి కొడుకు పుట్టాడు. వాళ్లున్నది దూరపు ఊళ్లో. మనవడికి రోజూ జోల పాడే యోగం లేదు కాబట్టి, పాటలన్నీ ఒక క్యాసెట్టులో పాడి పంపుదామనుకుంది. అద్దాల బీరువాలో చీటీ అంటించని క్యాసెట్టు ఒకటి కనబడితే ఖాళీదే అనుకుని తీసి, తలుపులన్నీ వేసుకుని గొంతు సవరించుకుని పాడింది. ఎలా వచ్చిందో విందామని పెట్టుకుంది. పాటకీ పాటకీ మధ్య తను ఊపిరి పీల్చుకున్న చోట ఎవరో దగ్గారు.

"నా పాటలో మా అమ్మ దగ్గిందిరా," అంది ఇప్పుడు తమ్ముడితో, మెల్లగా. "పోయిన మనిషి."

నాన్న పొత్రం దించాడు. గంగాళం తీశాడు. క్యాసెట్టు బయటికి లాగి, అలవాటు చొప్పున దాని వీపు మీద బొటనవేలి గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి జరిపాడు. ఏ రకం టేపో నాన్న కళ్లతో చూడడు. వీపున ఉన్న గుంటల్ని గోరుతో తడిమి చెప్తాడు. మామూలు టేపుకి చివర్లలోనే ఉంటాయి. రెండో రకానికి వాటి పక్కన ఇంకో జత. నాలుగో రకానికైతే నడుమ కూడా ఉంటాయి.

నాన్న గోరు నడుమన ఆగింది. గుమ్మం వారగా నిలబడ్డ రీలమ్మ అది చూసింది. నాన్న ముఖంలో రంగు మారడం కూడా చూసింది.

రీలమ్మ అసలు పేరు బడి హాజరు పిలుపుల్లో తప్ప ఎక్కడా వినపడదు. పాకే వయసులో ఒక క్యాసెట్టులోని టేపంతా లాగేసి ఒంటికి చుట్టుకుని కూర్చుందట. అప్పటి నుంచి ఇంటికీ వీధికీ కూడా రీలమ్మే. అంత అల్లరి చేసిన పిల్ల పెద్దయ్యాక నోట్లో నాలుక లేనట్టు తయారైందని అత్తయ్య వచ్చినప్పుడల్లా అంటుంది. తల్లికి గొంతు లేదు, పిల్లకి గొంతుండీ లేదు అంటుంది.

దయ్యం లేదు, గియ్యం లేదని నాన్న చెప్పుకొచ్చాడు. ఇది నాలుగో రకం టేపు. మామూలు టేపులా ఇనప తుప్పు పూసింది కాదు, అచ్చమైన లోహప్పొడి పూసింది. ఇంట్లో ఉన్న ఈ ముసలి మెషీను తుప్పు టేపుల కాలంలో పుట్టింది. దీనిలో పాతదాన్ని చెరిపే ముక్క తుప్పుని చెరపగలదు గానీ లోహాన్ని చెరపలేదు. పలక మీద పొడిగుడ్డతో తుడిచినట్టు పైపైన తుడిచి, దాని మీదే అక్క పాట రాసేసింది. అడుగున పాతది మిగిలిపోయింది.

"పాతదంటే?"

"ఏదో. పరీక్షకి తీసిన మాటలు."

"అయితే నిన్నటి దగ్గు నిజంగా అమ్మదే."

నాన్న సాయంత్రానికి ఫ్యాక్టరీ నుంచి పెద్ద అయస్కాంతం పట్టుకొస్తానన్నాడు. నాలుగో రకం చేసిన హాలు ఖాళీ చేస్తున్నారు, రేపటికి అదీ ఉండదు, దాని మీద ఒక్కసారి తిప్పితే ఎంత మొండి టేపైనా పుట్టినప్పటిలా ఖాళీ అయిపోతుంది, మనవడికి అప్పుడు హాయిగా పాడుకోవచ్చు అన్నాడు.

నిన్నటి నుంచి దాన్ని తగలెయ్యమని గోల పెట్టిన అత్తయ్య ఒక్కసారిగా అడ్డం తిరిగింది.

"అమ్మ గొంతైతే చెరపడం దేనికిరా?"

"అది పాడైపోయిన టేపక్కా. ఉంచితే బీరువాలో మిగతావాటిని కూడా పాడుచేస్తుంది."

రీలమ్మ తల ఎత్తి నాన్న వైపు చూసింది. టేపులు పళ్లు కాదు, ఒకటి కుళ్లితే పక్కవి కుళ్లవు. నాన్న ఇరుగుపొరుగుతో అబద్ధాలాడగా విన్నది. టేపు గురించి అబద్ధమాడగా వినడం ఇదే మొదలు.

నాన్న క్యాసెట్టుని అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని బీరువా మీదికి, అందరి చేతులకీ అందనంత లోపలికి నెట్టింది. తర్వాత రీలమ్మ వైపు తిరిగి చెక్క మీద గోరుతో రెండుసార్లు కొట్టింది. ఒకసారి కొడితే రమ్మని. రెండుసార్లు కొడితే వద్దని. రీలమ్మకి తెలిసిన అమ్మ మాటలు ఆ చప్పుళ్లే.

నాన్న సైకిలెక్కి వెళ్లిపోయాడు. వడ్డించిన కంచాల మీద మూతలు అలాగే ఉన్నాయి. అమ్మ ఎవరినీ చూడకుండా బట్టల మూట తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

ఆ ఇంట్లో కాలాన్ని బట్టలుతికిన నీళ్లతో చెప్పుకునేవారు. అది నానమ్మ పెట్టిన అలవాటు. ఎర్రనీళ్ల కాలంలో మీ నాన్నకి పెళ్లయిందే అనేది. నల్లనీళ్ల కాలంలో నువ్వు పుట్టావు అనేది.

మొదటి హాలులో నాన్న తుప్పు పూసేవాడు. చొక్కాలు నానబెడితే తొట్టి నిండా ఎర్రనీళ్లు. రెండో రకం వచ్చాక నల్లనీళ్లు. మూడో రకానికి కింద ఒక పూత, పైన ఇంకో పూత. అప్పటి నీళ్ల రంగుకి నానమ్మే పేరు పెట్టలేకపోయింది. దానికి తగ్గ బటను ఏ మెషీనుకీ లేక, ఎవరూ కొనక, ఆ రకం పురిట్లోనే పోయింది. తర్వాత నాలుగోది. ఆ లోహప్పొడికి గాలి తగిలితే తనంత తానే అంటుకుంటుందట. అందుకని గాలి చొరని హాలు కట్టారు. నాన్న తెల్ల బట్టలు, తెల్ల టోపీ అక్కడే వేసుకుని అక్కడే విప్పేసేవాడు. ఇంట్లో తొట్టి నీళ్లు మొట్టమొదటిసారి తేటగా ఉన్నాయి.

ఆ తెల్లనీళ్లు రీలమ్మకి బాగా గుర్తు. అంతకుముందు తన గౌన్లు వేరే బకెట్టులో పడేవి, నాన్న మరకలు అంటుకుంటాయని. బడిలో చేరిన ఏడు ఆమె కొత్త యూనిఫారం, నాన్న చొక్కా ఒకే తొట్టిలో నానాయి. నాన్న గొప్పోడైపోయాడు అనుకుంది. నిజంగానే అప్పట్లో నాలుగో రకాన్ని కొట్లలో తాళం వేసిన అద్దాల వెనక పెట్టేవారు. కొనేవాళ్లు దాన్ని రెండు చేతులతో అందుకునేవారు.

ఇప్పుడు పాటలు మెరిసే పళ్లేల మీదికెక్కాయి. ఫ్యాక్టరీలో హాళ్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఏది ముందు పుట్టిందో అదే చివరికి మిగిలింది. నాన్నని మళ్లీ మొదటి హాలుకి వేశారు. పెరట్లో మళ్లీ ఎర్రనీళ్లు.

అమ్మ గొంతు పోయింది నల్లనీళ్లప్పుడు. పెళ్లికి ముందు నుంచీ అమ్మది పరీక్ష గదిలో ఉద్యోగం. టేపు కొత్త మోస్తరుగా చేసినప్పుడల్లా ఒకే గొంతుతో, ఒకే వాక్యం చదివించి వినాలి. మనిషి మారితే టేపు మారిందో గొంతు మారిందో తేల్చలేరు. ఆ గొంతు అమ్మది. విన్నాక చెరిపెయ్యడం అక్కడి పద్ధతి. ఒక రోజు పక్క హాలులో పూత ఆరేటప్పుడు లేచే ఆవిరి పరీక్ష గదిని కమ్మేసింది. అమ్మ పడిపోయింది. ఇంటికొచ్చేసరికి గొంతు లేదు. రీలమ్మకి అప్పటికి నడక కూడా రాలేదు.

ఆవిరి మింగేసిందమ్మా అని నానమ్మ చెప్పేది. ఎప్పుడడిగినా అవే మాటలు, అదే వరసలో, అప్పజెప్పినట్టు.

అమ్మ గొంతు ఎలా ఉండేది అని నాన్ననొకసారి అడిగింది రీలమ్మ. సన్నగా ఉండేది అన్నాడు. ఆ ఒక్క మాట పెట్టుకుని ఆమె రాత్రుళ్లు ఎన్ని గొంతులు ఊహించుకుందో లెక్కలేదు. ఒక్కటీ అమ్మకి అతకలేదు.

పెరట్లో బట్టలు బాదే చప్పుడు మొదలవగానే అత్తయ్య నానమ్మ మంచాన్ని బీరువా దగ్గరికి లాగింది.

"ఎక్కవే రీలమ్మా. నాకు మోకాళ్లు లేవు."

"అమ్మ వద్దంది అత్తయ్యా."

"నిన్ను వద్దంది, నన్నా? మా అమ్మ గొంతు వాడు సాయంత్రం తుడిచేస్తాడట. ఒక్కసారి వినకుండా ఎలా ఒప్పుకోనూ? నువ్వు తీసివ్వు చాలు. పాపం నాది."

రీలమ్మ ఎక్కింది. చెయ్యి లోపలికి పెట్టింది. దుమ్ములో చల్లగా తగిలింది. మామూలు క్యాసెట్టు కంటే బరువు. తెలియకుండానే ఆమె గోరు కూడా దాని వీపు మీదికి పోయింది.

శబ్దం బాగా పెంచి పెట్టారు. అత్తయ్య జోలపాట గదిని నింపేసింది. నిన్న అంత తియ్యగా ఉన్న పాటే ఇవాళ ఎవరినో నిద్రపుచ్చడానికి కాక, ఎవరి నోరో నొక్కడానికి పాడుతున్నట్టుంది. ఇద్దరూ చెవులు పెట్టె దగ్గర పెట్టి పాట ఎప్పుడు ఆగుతుందా అని చూశారు.

ఆగింది.

ముందు ఒక గుసగుస. తర్వాత కాస్త ఎడంగా అదే గుసగుస మాటై వినిపించింది. రీలమ్మకి భయం వెయ్యలేదు. ఇది నాన్న చెప్పిందే. చుట్టలో పొర మీద పొర ఒరుసుకుని ఉంటే, ఒక పొరలో మాట పక్క పొరకి కొంచెం అంటుకుంటుంది. అందుకే ఏళ్ల తరబడి కదపని టేపులో మాటకు ముందు దాని నీడ వస్తుంది. నీడ వచ్చిందంటే వెనకే మాట వస్తుందని నాన్న అనేవాడు.

"సన్నని సెలయేటి సవ్వడి సంజెవేళ సద్దుమణిగింది."

నాసిరకం టేపు ముందుగా మింగేది 'స'నే కాబట్టి, ఏ మెషీనునైనా పరీక్షించేటప్పుడు నాన్న అనే వాక్యం అది. ఇంతకాలం నాన్నదే అనుకుంది రీలమ్మ. చదివింది ఆడగొంతు.

రీలమ్మ చెయ్యి తన మెడ మీదికి వెళ్లింది. ఆ మాటలు తను అన్నట్టే ఉన్నాయి. బడిలో పాఠం చదవమని లేపితే వచ్చే గొంతు అదే. సన్నగా, చివర కొంచెం వణుకుతూ. తనెప్పుడూ ఆ వాక్యాన్ని బయటికి అనలేదు.

"నేను కాదు," అంది అత్తయ్యతో, అత్తయ్య అడగకుండానే.

"నువ్వెందుకవుతావే. మీ అమ్మ." అత్తయ్య కళ్లు తుడుచుకుంది. "పెళ్లిచూపుల్లో విన్నాను ఈ గొంతు. ఎన్నేళ్లయిందో. అచ్చం నీదే. అబ్బ, చూడు, నా ఒళ్లు."

చేతి మీద వెంట్రుకలు నిలబడి ఉన్నాయి. రీలమ్మ వాటిని చూసింది గానీ ఆవిడ మాటలు సగమే విన్నది. అమ్మకి గొంతుంది. అది ఇదే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తిండి దొరికినదానిలా ఆ ఒక్క వాక్యాన్నీ మళ్లీ మళ్లీ లోపల నమిలింది.

ఇంకో పాట వచ్చి పోయింది. మళ్లీ ఖాళీ. దగ్గు. అత్తయ్య అమ్మా అని పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత నీడ, నీడ వెనక సన్నగొంతు.

"పిల్ల నిద్రపోయిందా?"

"పోయింది," అంది నానమ్మ. "ఇక మాట్లాడు. ఎవరూ వినరు."

సన్నగొంతు నవ్వింది. ఎంతో సేపటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలినట్టు నవ్వింది. అంతలో అత్తయ్య పాట దాని మీద పడి కప్పేసింది.

"పిచ్చి మనుషులు," అంది అత్తయ్య, ఏడుస్తూ నవ్వుతూ. "నువ్వు ఉయ్యాల్లో ఉండి ఉంటావు. గొంతు పోకముందు ఎంత హాయిగా ఉండేవాళ్లో చూడు అత్తాకోడళ్లు. దీన్నా వాడు చెరిపేస్తానంటున్నది. రానీ, వాడి సంగతి చెప్తాను."

రీలమ్మ క్యాసెట్టు కిటికీలోంచి టేపు తిరగడం చూస్తోంది. ఇందాక గోరుకి తగిలిన గుంటలు ఇంకా వేలి కొసన ఉన్నట్టే ఉన్నాయి. నడుమన కూడా.

"అత్తయ్యా."

"ఊ."

"అమ్మ గొంతు పోయింది నల్లనీళ్లప్పుడు కదా."

"అవును. నేనప్పుడు వచ్చి నెల్లాళ్లు ఉన్నాను, పథ్యం వండిపెట్టడానికి."

"ఇది నాలుగో రకం."

"అయితే?"

"నాలుగో రకం పుట్టింది తెల్లనీళ్లప్పుడు. నేను బడిలో చేరిన ఏడు."

అత్తయ్య నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాన్ని తియ్యాలని ఆవిడకి తోచనట్టు. ఎక్కడో పొరపాటు ఉంటుందంది. మీ నాన్న రకం తప్పు చెప్పుంటాడంది. నాన్న దేంట్లోనైనా పొరబడతాడు గానీ టేపులో పొరబడడని రీలమ్మ అంటే, అది నిజమే అని ఒప్పుకుంది. కాసేపు వేళ్లు విరుచుకుంది.

"నేను వచ్చినప్పుడు కూడా మీ అమ్మ ఒక్క మాట అనగా వినలేదే," అంది చివరికి.

"అప్పుడు నేను ఇంట్లో లేనా?"

అత్తయ్య ఆలోచించింది. ఆలోచిస్తున్నకొద్దీ ఆవిడ పీట వెనక్కి జరిగింది, రీలమ్మ నుంచి దూరంగా, ఆవిడకే తెలియకుండా.

"ఉన్నావు," అంది. "ఎప్పుడూ నువ్వు ఇంట్లోనే ఉన్నావు."

అప్పుడు గమనించారు. పెరట్లో బట్టల చప్పుడు లేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మోచేతుల దాకా ఎర్రనీళ్లు. వేళ్ల చివర్ల నుంచి గచ్చు మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి. ఆమె చూస్తున్నది మెషీనుని కాదు, రీలమ్మనీ కాదు, వాళ్లిద్దరికీ మధ్య ఉన్న ఖాళీని.

పాట మళ్లీ ఆగింది. టేపులో నీడ మొదలైంది. ఈసారి దగ్గరగా, మెషీను లోపలి నుంచి చెవిలో చెప్పినట్టుగా.

'నా గొంతు పిల్ల వింటే…'

వెనకే రావలసిన మాట రాలేదు. అమ్మ తడిచేత్తో బటను నొక్కేసింది. క్యాసెట్టు బయటికి తీసి కొంగులో చుట్టుకుంది. బటను మీద ఎర్రటి వేలిముద్ర మిగిలింది.

"మరదలా," అంది అత్తయ్య.

వీధిలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. అయస్కాంతం బరువుకి వెనక క్యారియరు కిర్రుమంది. అత్తయ్య దిగ్గున లేచి వీధి గుమ్మంలోకి పోయింది. ఏం దాచావురా, పిల్లకి తల్లి గొంతు వినపడితే ఏమవుతుందిరా అని ఆవిడ నిలదియ్యడం, నాన్న తగ్గు గొంతుతో లోపలికి పద అక్కా, ఇది వీధి అని బతిమాలడం లీలగా వినబడుతున్నాయి. నాన్న దేనికీ కాదనడం లేదు.

అమ్మ వెనక గదిలోకి నడిచింది. నేల మీద ఎర్రబొట్లు ఆమె వెంట వెళ్లాయి. వాటి వెంట రీలమ్మ వెళ్లింది.

"అమ్మా."

అమ్మ గది లోపల ఆగి తిరిగింది. తలుపు రెక్క మీద చెయ్యి వేసింది.

"నేను ఎవరికీ చెప్పను," అంది రీలమ్మ. బడిలో అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పలేని పిల్ల, ఆ పూట మాటలు వెతుక్కోలేదు. "ఎందుకని కూడా అడగను. నాన్న దాన్ని చెరిపేసుకున్నా సరే. ఒక్క మాట అనమ్మా. నన్ను పిలువు చాలు."

తన గొంతు గదిలో మోగి తనకే తిరిగి వినబడింది. సన్నగా, చివర కొంచెం వణుకుతూ. అది విని అమ్మ కళ్లు మూసుకుంది. చెంప మీద ఎవరో కొట్టినట్టు మూసుకుంది.

చెక్క మీద గోరు ఒక్కసారి కొట్టింది. రమ్మని. రీలమ్మ అడుగు వేసింది. వెంటనే రెండుసార్లు కొట్టింది. ఆమె అక్కడే ఆగిపోయింది.

అమ్మ మెడ దగ్గర చర్మం కదిలింది. పెదవులు కొంచెం విడివడ్డాయి. వాటి మధ్య నుంచి ఏదో వచ్చింది. మాట కాదు. పక్క పొరలోంచి వచ్చే గుసగుస లాంటిది. అందులో తన పేరుంది. రీలమ్మ అని కాదు, బడిలో పిలిచే అసలు పేరు.

నీడ వచ్చిందంటే వెనకే మాట వస్తుంది. రీలమ్మ ఊపిరి బిగబట్టి, మెడ ముందుకు చాచి నిలబడింది.

అమ్మ తలుపు మూసేసింది.